రెండో కృష్ణుడు

ఈ రోజు పొద్దున ఏడు కాకముందే నాన్న ఫోను మోగింది.

నాన్న పోయి ఏడాదిన్నర దాటింది, నంబరు మాత్రం తీసేయలేదు. ఆ సిమ్ము నా ఫోన్‌లోనే రెండోదిగా వేసుకున్నాను. ఊళ్ళో అందరి దగ్గరా ఉన్నది అదే, పొలం పాసుపుస్తకం నుంచి గ్యాసు దాకా అన్నిచోట్లా ఇచ్చింది అదే. దానికి వేరే రింగ్‌టోన్ పెట్టాను. అది మోగిందంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది, ఎవరో ఏమిటో తేలేదాకా స్టవ్ మీద ఏముందో కూడా పట్టించుకోదు.

చేసింది మా పొలం గుత్తకు చేసే అన్న. తాడిపత్రి పక్కన మా ఊరు, నాలుగెకరాల మెట్ట, వాన పడితే శెనక్కాయ, పడకపోతే బీడు. ఈసారి ఒక పదునుకు విత్తనం వేశారు, ఆ తర్వాత మళ్ళీ చినుకు లేదు, సగం చేను మొలకే రాలేదట. గుత్త కొంచెం తగ్గించుకోమని అడగడానికి చేశాడు, ఆ మాట నోటికి రాక మా పాప చదువు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, బెంగళూరులో వానలు, అన్నీ అడిగాక చివర్లో "ఈ ఏడు నువ్వే ఎట్లన్నా చూడాలమ్మా" అన్నాడు. ఆఫీసులో ఇరవై మందికి పని చెప్పే మనిషిని, ఆ ఒక్క మాటకు ఏం జవాబివ్వాలో తోచలేదు. డబ్బుదేముంది, తగ్గించుకోవచ్చు. ఆ మాట చెప్పాల్సిన గొంతు నాది కాదు కదా అనిపించింది. కాసేపటికి నోట్లోంచి "పంట చూసి మాట్లాడుకుందాంలే అన్నా, ఇప్పుడు దాని గురించి టెన్షన్ పెట్టుకోవద్దు" అని వచ్చింది. ముందు సగం నాన్నది, వెనక సగం నాది.

అమ్మకు చెప్పాను. "అంతేనా?" అంది. అంతే అన్నాను. ఇంకేదో అనబోయి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత అంతా మామూలే, బట్టలు మడతపెట్టడం, పాప హోంవర్కు, కూరగాయల బండి దగ్గర కన్నడం తెలుగూ కలిపి బేరం. మధ్యాహ్నం నలుగురం రంగశంకరకు వెళ్ళాం, నాటకానికి. మేముండేది బన్నేరుఘట్ట రోడ్డు వైపు, జేపీ నగర్ పెద్ద దూరమేం కాదు, అయినా గంట ముందే బయల్దేరతాం, ఎందుకంటే అక్కడ ఆట మొదలయ్యాక ఎంత పెద్దవాళ్ళైనా లోపలికి రానివ్వరు. నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ 1990లో కారు ప్రమాదంలో పోయారు. ఆయన కోరుకున్న ఈ రంగస్థలాన్ని ఆయన భార్య అరుంధతీ నాగ్ ఎన్నో ఏళ్ళు తిరిగి, డబ్బు పోగుచేసి కట్టించి, 2004లో తలుపులు తెరిచారు. పద్నాలుగేళ్ళు. ఇన్నిసార్లు ఆ మెట్లెక్కాను, ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు, ఇవాళే ఎందుకో వేసుకున్నాను.

నాటకం కన్నడం. ఒక కుటుంబం కథ. అందులో ఒకే మనిషిని మూడు వయసుల్లో ముగ్గురు వేశారు. మొదటాయన తన భుజం మీది శాలువా తీసి రెండో అతనికి కప్పుతాడు, అంతే, అప్పటినుంచి ఆ మనిషి ఇతనే. మొదటాయన లోపలికి వెళ్ళిపోడు, స్టేజీ అంచున ఒక పీట మీద కూర్చుని చివరిదాకా చూస్తూ ఉంటాడు. బయటికొచ్చి సబ్బక్కి వడ, అంటే సగ్గుబియ్యం వడ, తింటుంటే పాప అడిగింది, "అమ్మా, శాలువా ఇచ్చేశాక ఆ మొదటి అంకుల్ ఇంకెవరు?" నాకు జవాబు రాలేదు. అమ్మ వడ తుంచుతూ, "ఇంకెవరు, చూసేవాడు" అంది.

దాంతో నాకు మా ఊరి నాటకం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే, పొద్దున ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ అది మనసులో మెదులుతూనే ఉంది.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. శ్రీరామనవమికి ఊళ్ళో కురుక్షేత్రం వేశారు. మా వైపు ఊళ్ళల్లో నాటకం అంటే ఏమిటో బెంగళూరులో పుట్టిన పిల్లకు చెప్పడం కష్టం. వేసేవాళ్ళంతా ఊరి వాళ్ళే, సేద్యగాళ్ళు, అంగడాయన, మా నాన్నలాంటి బడిపంతులు ఒకరిద్దరు. హార్మోనియం అయ్యవారిని పిలిపించి మూడు నెలలు ఊళ్ళో పెట్టుకున్నారు, ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో ఆయనకు భోజనం, రాత్రిళ్ళు గుడి అరుగు మీద లాంతరు పెట్టుకుని రిహార్సల్స్. ఆడ పాత్రలకు బయటినుంచి ఆర్టిస్టులు వస్తారు, డ్రస్సులూ కిరీటాలూ టౌన్ నుంచి అద్దెకు వస్తాయి. ఖర్చంతా వేషగాళ్ళదే, పాత్రకు ఇంత అని చందా వేసుకుంటారు. అందరికీ కృష్ణుడి వేషమే కావాలి. అందుకని కృష్ణుణ్ణి పంచేస్తారు. పడక సీను, రాయబారం మొదటి కృష్ణుడికి, యుద్ధం రెండో కృష్ణుడికి. కొన్ని ఊళ్ళల్లో మూడో కృష్ణుడు కూడా ఉంటాడు. జనం దాన్ని తప్పు పట్టరు, ఎవరూ అయోమయపడరు, పింఛం ఎవరి నెత్తిన ఉంటే ఆయనే కృష్ణుడు.

నాన్న రెండో కృష్ణుడు.

మొదటి కృష్ణుడు కిరాణా అంగడాయన. ఏం గొంతు అది! మైకు అక్కర్లేదు. పద్యం ఎత్తుకుంటే పక్క ఊరి వాళ్ళు కూడా వన్స్ మోర్ అని అరిచారు, మైకులో చదివింపులు చదవడానికే పది నిమిషాలు పట్టింది. ఫలానా వారు కృష్ణుడి పాత్రధారికి పది రూపాయలు, ఫలానా వారు ఇరవై. నేను మధ్యలో చాప మీద నిద్రపోయాను. రెండు దాటాక అమ్మ లేపింది, "లెయ్యి, మీ నాయన వస్తున్నాడు" అని. నాన్న వచ్చాడు. ముఖానికి నీలం రంగు, ఇంట్లో చూసే నాన్నలాగా లేడు. జనంలో కదలిక, గుసగుసలు, అందరి చెవుల్లో ఇంకా అంగడాయన గొంతే ఉంది కదా. నాన్న గొంతు చిన్నది. అప్పుడు హార్మోనియం అయ్యవారు ఏమీ అనకుండా శ్రుతి తగ్గించి పట్టాడు, నాన్నకు అందేంత. ఇంత వయసొచ్చాక, ఇన్ని చూశాక చెప్తున్నాను, ఒక మనిషి ఇంకో మనిషికి చేసిన ఇంత మంచి సాయం నేను చాలా తక్కువ చూశాను. నాన్న మొదటి పద్యం అయ్యేసరికి గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరసలో సగం కడిగిన నీలం ముఖంతో అంగడాయన కూర్చుని, పద్యం పద్యానికీ తల ఊపుతున్నాడు.

తెల్లారి బావి దగ్గర కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ నాన్న చెప్పిన మాట నాకు బాగా గుర్తు. కిరీటం ఒక్కటే తెచ్చారట. మధ్యలో ఒక డాన్సు పెట్టి, ఆ సందులో ఆయన తీసి ఈయనకు పెట్టారు. "నెత్తిన పెట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉండింది పాపా, లోపలంతా ఆయన చెమట" అన్నాడు. మరి కృష్ణుడు ఆయనా నువ్వా అని అడిగాను. "కృష్ణుడు మారలేదు, మేము మారినాం" అన్నాడు.

నాన్నకు నాటకాల పిచ్చి అంతా ఇంతా కాదు. బళ్ళారి రాఘవ గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. 1880లో మన తాడిపత్రిలోనే పుట్టాడు, బళ్ళారిలో పగలు కోర్టులో వకీలు, రాత్రి స్టేజీ మీద రాజు, ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవాడు అని. పద్యాన్ని రాగంతో సాగదీయడం కాదు, భావం పలకాలి అన్నది రాఘవ పద్ధతి. గొంతు చిన్నదైన మా నాన్న ఆ పద్ధతినే గట్టిగా పట్టుకున్నాడు. రాఘవకు దారి చూపింది మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారిలో సరసవినోదినీ సభ అనే నాటక సమాజం పెట్టినాయన. 1912లో మేనమామ పోయాడు, 1946లో మేనల్లుడూ పోయాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. "సరిహద్దు మారింది కానీ నాటకం ఆగలేదు" అనేవాడు నాన్న. సురభి వాళ్ళ గురించి కూడా చెప్పేవాడు, 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలై ఇప్పటికీ అవే కుటుంబాలు, చంకలో పిల్లగా ఉన్నప్పుడే స్టేజీ ఎక్కి, ఒకప్పుడు అమ్మ వేసిన వేషం కూతురు, నాన్న వేసిన వేషం కొడుకు వేస్తూ వస్తున్నవాళ్ళు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళల్లో కనీసం పదిమంది ఒకే మాట అన్నారు, జీవితమే ఒక నాటకం అమ్మా, ఆయన పాత్ర అయిపోయింది, దిగిపోయాడు అని. మంచికే అన్నారు, తెలుసు. కానీ ఆ మాట నాకు ఎంత కష్టంగా అనిపించిందో చెప్పలేను. నాటకం అంటే ఉత్తుత్తిది, తెర పడితే ఏమీ మిగలదు అన్నట్టు ఉంటుంది ఆ మాట. అలా అనేవాళ్ళు తెల్లవార్లూ కూర్చుని ఒక్క నాటకమైనా చూశారా అని నా అనుమానం. మనిషి దిగిపోయాడు, నిజమే, ఆ లోటు దేనితోనూ తీరదు. పాత్ర ఎక్కడ అయిపోయింది? పొలం గుత్త మాట్లాడాలి. ఊళ్ళో ఎవరికి కాగితం వచ్చినా ఫొటో తీసి ఆ నంబరుకే పంపుతారు, చదివి చెప్పాలి. ఉగాదికి చుట్టాలందరికీ పేరుపేరునా ఫోన్ చేయాలి, అది హైదరాబాదులో చెల్లెలు తీసుకుంది. ఎన్నడూ పేపరు ముట్టని అమ్మ ఇప్పుడు రోజూ కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతోంది, మధ్యలో కావాల్సిన వార్త గట్టిగా చదివి మాకు వినిపిస్తుంది, అచ్చం ఆయనలాగే కళ్ళద్దాల మీదుగా చూస్తూ. ఎవరం ఎవరికీ చెప్పలేదు, ఎవరం అడగలేదు. ముగ్గురం పంచుకున్నాం.

పొద్దున ఆ అన్నతో నాన్న మాట నాన్న ధోరణిలోనే అన్నప్పుడు, ఇది నటన కాదా, మోసం కాదా అని ఒక్క క్షణం మనసు పీకింది. నటనే. నటన అయినంత మాత్రాన అబద్ధం కావాలా? నీలం రంగు పూసుకున్న బడిపంతుల్ని చూసి మా ఊళ్ళో ముసలమ్మలు దణ్ణం పెట్టారు. వాళ్ళకు ఆయన ఎవరో తెలుసు, వాళ్ళ మనవళ్ళకు ఎక్కాలు చెప్పేది ఆయనే.

ఇదంతా పాపకు చెప్పాను, ఇంత కాదు, కారులో చెప్పగలిగినంత. కిరీటం వెచ్చగా ఉండటం దానికి బాగా నచ్చింది.

రాత్రి అన్నాలు తింటుంటే అమ్మ అంది, "పొద్దున ఒకటి మర్చిపోయినావు."

"ఏంటి?"

"మీ నాయన ఫోన్ పెట్టేముందు వాళ్ళ పిల్లోని చదువు అడిగేవాడు. ఒక్కసారి కూడా అడక్కుండా పెట్టలేదు."

పొద్దున అనబోయి ఆగిపోయింది ఇదే. ఊరి నాటకాల్లో సైడు వింగులో పుస్తకం పట్టుకుని ఒకరు నిలబడతారు. పద్యం మర్చిపోతే మొదటి మాట అందిస్తారు, మొదటి మాటే, మిగతాది వేషగాడు అందుకోవాలి. జనానికి ఆ మనిషి కనపడడు. ఇన్నేళ్ళూ నాన్న ఫోన్ మాటలన్నీ గుమ్మం దగ్గర నిలబడి విన్నది అమ్మే.

టైము తొమ్మిది దాటింది, పల్లెలో పడుకునే వేళ, అయినా చేశాను. రెండో సిమ్ము నుంచే. ఆ అన్న భయపడ్డాడు, గుత్త సంగతి మనసు మార్చుకున్నాననుకున్నాడేమో, "ఏమమ్మా, ఏమన్నా..." అన్నాడు. ఏం లేదన్నా, పిల్లోడు ఎట్లా చదువుతున్నాడు అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు.

"పాలిటెక్నిక్ రెండో సంవత్సరమమ్మా. సారుంటే ఫోన్ వానికే ఇయ్యమనేవాడు."

"ఇయ్యన్నా."

మంచం చప్పుడు, ఎవరో టీవీ సౌండు తగ్గించారు, దూరంగా కుక్క. తర్వాత పిల్లవాడి గొంతు. ఫోన్ మీద పడ్డ పేరు చూశాడో, అలవాటో, "నమస్తే సార్" అన్నాడు. అని, ఆగి, "అక్కా" అన్నాడు.

లెక్కల్లో ఎన్ని వచ్చాయి అని అడిగాను.

"డెబ్బై ఒకటి అక్కా."

బాగుంది అనబోయాను. పక్కనుంచి అమ్మ, కంచంలోంచి తలెత్తకుండా, మెల్లగా అంది, "మిగతా ఇరవై తొమ్మిది ఎక్కడ పోయినాయో అడుగు."

అడిగాను.