ఆటోనగర్ స్కానర్లలో అప్‌డేట్ ఎందుకు ఆగింది

మొబైల్ పరికరాల నిర్వహణలో నేను తరచూ వినే ఫిర్యాదు ఒకటుంది. యాప్ కొత్త వెర్షన్‌ను కన్సోల్ (పరికరాలన్నింటినీ ఒకే చోటి నుంచి నియంత్రించే తెర) నుంచి అన్ని గ్రూపులకూ పంపామని, కొన్ని పరికరాల్లో ఎక్కి కొన్నింటిలో ఎక్కలేదని, కాబట్టి ప్యాకేజీలోనే, అంటే యాప్ ఫైలులోనే, లోపం ఉందని అంటారు. అదే ప్యాకేజీ కొన్ని పరికరాల్లో సజావుగా ఎక్కినప్పుడు మొదట వెతకవలసింది దానిలో లోపాన్ని కాదు, ఎక్కిన పరికరానికీ ఎక్కని పరికరానికీ ఉన్న తేడాను.

విశాఖపట్నంలోని ఒక సరుకు రవాణా సంస్థకు నేను ఈ పని చేస్తున్నాను. వారి ఆండ్రాయిడ్ పరికరాలన్నీ ఒకే చోట ఉండవు. గాజువాక ఆటోనగర్ గోడౌనులో షిఫ్టుల వారీగా చేతులు మారే బార్‌కోడ్ స్కానర్లు ఉన్నాయి. మధురవాడ నుంచి పెందుర్తి దాకా తిరిగే డెలివరీ సిబ్బంది ఫోన్లు ఉన్నాయి. ద్వారకానగర్ కార్యాలయంలో సూపర్‌వైజర్ల ఫోన్లు ఉన్నాయి. సరుకు నమోదు చేసే యాప్‌కు కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ సూపర్‌వైజర్ల ఫోన్లలో అది ఒకటి రెండు రోజుల్లో కనిపించేది, డెలివరీ ఫోన్లలో అక్కడక్కడా వచ్చేది, స్కానర్లు మాత్రం వారాల తరబడి పాత వెర్షన్‌లోనే ఉండిపోయేవి. కన్సోల్‌లో వాటిలో చాలావాటి ఎదురుగా ఉన్న మాట ‘ఫెయిల్డ్’ కాదు, ‘పెండింగ్’. పరికరం ప్రయత్నించి తిరస్కరిస్తే ఫెయిల్డ్ అవుతుంది. ఇంకా ప్రయత్నమే మొదలుకాకపోతే పెండింగ్‌గా మిగులుతుంది. ఈ రెంటినీ కలిపి ‘రాలేదు’ అని ఒకే పట్టికలో రాసే నివేదికలతో నాకు ఎప్పుడూ పేచీయే.

సంస్థల పరికరాలను నియంత్రించడానికి గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ మేనేజ్‌మెంట్ ఏపీఐలో ఆటో అప్‌డేట్‌ను డిఫాల్ట్‌గా వదిలేస్తే, నాలుగు షరతులూ ఒకేసారి కుదిరినప్పుడే యాప్ మారుతుంది: పరికరం ఛార్జింగ్‌లో ఉండాలి, వాడిన డేటాకు లెక్క కట్టని నెట్‌వర్క్‌లో, అంటే సాధారణంగా వైఫైలో ఉండాలి, ఎవరూ దానిని వాడుతూ ఉండకూడదు, మార్చవలసిన యాప్ తెరపై నడుస్తూ ఉండకూడదు. సూపర్‌వైజర్ ఇంట్లో రాత్రిపూట ఇవన్నీ ఏ ప్రయత్నమూ లేకుండానే కుదురుతాయి. డెలివరీ సిబ్బందిలో చాలామంది ఇళ్లలో వైఫై లేదు, వారి ఫోన్లు మొబైల్ డేటా మీదే నడుస్తాయి. ఇక స్కానర్ల విషయం నాకు గోడౌనుకు వెళ్లి చూశాకే అర్థమైంది. వైఫై యాక్సెస్ పాయింట్లన్నీ సరుకు ర్యాకుల పైన ఉన్నాయి. షిఫ్టు ముగిశాక స్కానర్లను ఛార్జింగ్‌కు పెట్టేది మాత్రం వెనుక గదిలోని ఇనుప బీరువాలో. వైఫై అందే చోట స్కానర్ ఎవరి చేతిలోనో పనిచేస్తూ ఉంటుంది, ఛార్జింగ్ దొరికే చోట వైఫై అందదు. ప్రతి షరతూ విడివిడిగా రోజూ నెరవేరుతున్నా, నాలుగూ కలిసిన ఘడియ ఒక్కటీ లేదు. వెనుక గదిలో ఒక యాక్సెస్ పాయింట్ పెట్టించి, ఛార్జింగ్ సమయంలో బీరువా తలుపులు తెరిచి ఉంచమని కోరాను. ప్యాకేజీలో ఒక్క అక్షరం మార్చకుండానే అప్‌డేట్లు మొదలయ్యాయి.

ఇలాంటప్పుడు చాలామంది అన్ని గ్రూపులకూ గంపగుత్తగా హై ప్రయారిటీ (కొత్త వెర్షన్‌ను వీలైనంత త్వరగా ఎక్కించే పద్ధతి) పెట్టేస్తారు. ఆ పద్ధతిలో షరతులేమీ ఉండవు, నిజమే. కానీ కొత్త వెర్షన్ ఎక్కేటప్పుడు నడుస్తున్న యాప్ మూతపడుతుంది, కస్టమర్ గుమ్మంలో సంతకం తీసుకుంటున్న మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు. అందుకే డెలివరీ గ్రూపుకు రాత్రి వేళ మాత్రమే హై ప్రయారిటీ ఇచ్చి ఉదయానికి తిరిగి డిఫాల్ట్‌కు మారుస్తున్నాము, మొబైల్ డేటా ఖర్చు గురించి యాజమాన్యానికి ముందే చెప్పాము. ఒకే యాప్‌ను తెరపై కట్టివేసే కియోస్క్ పరికరాల్లో మాత్రం నాలుగో షరతు తనంతట తాను కుదరడం కష్టం కాబట్టి అక్కడ హై ప్రయారిటీ తప్పదు. తప్పనిసరిగా ఉండవలసిన కనీస వెర్షన్ కోడ్‌ను (వెర్షన్‌ను గుర్తించే సంఖ్యను) పాలసీలో, అంటే పరికరాలకు పంపే నియమాల జాబితాలో, రాస్తే, అంతకంటే వెనుకబడిన పరికరాలు నిబంధన పాటించనివిగా నివేదికలోకి వస్తాయి. ఒక పాలసీలో గరిష్ఠంగా 20 యాప్‌లకే ఈ సౌకర్యం ఉంది.

పెండింగ్ కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అసలు జాబితాలోనే లేని పరికరం. గోడౌనుకు కొత్తగా కొన్న స్కానర్లను యూజర్ ఖాతా లేని డెడికేటెడ్ పరికరాలుగా నమోదు చేశారు. యాప్‌ను మాత్రం గోడౌను సిబ్బంది అనే యూజర్ గ్రూపుకు కేటాయించారు. యూజరే లేని పరికరానికి ఆ కేటాయింపు చేరదు, చేరలేదన్న ఫిర్యాదు కూడా రాదు, నివేదికలో మాత్రం నూటికి నూరు శాతం విజయం కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి పరికరాల నిర్వహణ సేవ ఇన్‌ట్యూన్ వాడేవారికి దీనితో పాటు ఇంకో చిక్కుంది: యూజర్ గ్రూపును చేర్చి, అందులోంచి డివైస్ గ్రూపును మినహాయిస్తే, ఏ పరికరం ఎవరిదన్న సంబంధాన్ని అది లెక్కలోకి తీసుకోదు కాబట్టి ఆ మినహాయింపు మనం ఆశించినట్టు పనిచేయదు. స్టోరు రిజిస్టరులోని పరికరాల సంఖ్యను కన్సోల్‌లోని సంఖ్యతో సరిచూడడం విసుగు పుట్టించే పనే అయినా, ఈ లోపాన్ని పట్టించేది అదే.

నెట్‌వర్క్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆండ్రాయిడ్‌కు పుష్ సందేశాలు 5228 నుంచి 5230 వరకు ఉన్న పోర్టుల (నెట్‌వర్క్‌లోని అంకెల ద్వారాల) గుండా, ఆపిల్ పరికరాలకు 5223 ద్వారా వస్తాయి. ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకలను అదుపు చేసే రక్షణ వ్యవస్థలో) వాటిని మూసి ఉంచలేదని చూసుకోవాలి. ఆపిల్ పరికరాలకు సందేశాలు పంపడానికి కన్సోల్‌కు అనుమతినిచ్చే ఆపిల్ పుష్ సర్టిఫికెట్‌ను ఏటా, అదే ఆపిల్ ఖాతాతో పునరుద్ధరించాలి.

నిజంగా ఫెయిల్డ్ అయినవి కొన్ని పాత స్కానర్లు మాత్రమే. పాలసీలో యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటరు నుంచి కేబుల్ ద్వారా పరికరానికి ఆదేశాలిచ్చే వీలు) అనుమతించిన రోజుల్లో యాప్ సరఫరాదారు మనిషి వాటిలో ఏపీకేను, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలును, కేబుల్‌తో నేరుగా ఎక్కించి వెళ్లాడు. ఇప్పుడు మేనేజ్డ్ గూగుల్ ప్లే (సంస్థల కోసం ఉన్న ప్లే స్టోర్) ద్వారా వచ్చే ప్రతిపై ఉన్న డిజిటల్ సంతకం, అంటే తయారీదారు రహస్య కీతో వేసే గుర్తు, వేరు. ప్యాకేజీ పేరు ఒకటే అయినా సంతకం చేసిన కీ మారితే పాతదాని మీద కొత్తదాన్ని ఎక్కించడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. ఏడీబీలో (కంప్యూటరు నుంచి ఆండ్రాయిడ్ పరికరానికి ఆదేశాలిచ్చే సాధనంలో) యాప్ వివరాలు చూపే డంప్‌సిస్ ప్యాకేజ్ ఆదేశాన్ని ఎక్కిన పరికరంలోనూ ఎక్కని పరికరంలోనూ నడిపి, సంతకాల వివరాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. పాత యాప్‌ను తీసివేయడం తప్ప వేరే దారి లేదు, తీసివేస్తే పరికరంలో మాత్రమే ఉన్న నమోదులు పోతాయి. అందువల్ల ఆ స్కానర్లను వేరే గ్రూపులోకి మార్చి, నమోదులన్నీ సర్వరుకు చేరాయని షిఫ్టు ఇన్‌ఛార్జి లిఖితపూర్వకంగా ధ్రువీకరించిన పరికరాల్లోనే పాత యాప్‌ను తొలగించి కొత్తదాన్ని ఎక్కిస్తున్నాము.