లాగితే సీటు వాలే కార్డు

ఇవాళంతా ఒక్క కార్డు పనితోనే సరిపోయింది. కారు షోరూం వాళ్లు పోస్టులో ఇళ్లకు పంపే ప్రకటన అది. చదివి పక్కన పడేసేలా కాకుండా, చేత్తో ఏదో ఒకటి చేసి చూసేలా ఉండాలన్నారు. ఇలాంటి పని చేతికొస్తే నాకు వేళకి తిండి కూడా గుర్తుండదు.

పొద్దున మీటింగులో చిప్ పెడదామన్న మాట వచ్చింది. 2010లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు వెంటో కారుకి ఇచ్చిన పేపరు ప్రకటన ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. పేజీ తెరవగానే వెలుతురు తగిలి లోపలి చిన్న స్పీకరు మాట్లాడేది. గొప్ప ఆలోచనే. కానీ అక్కడ పనంతా చిప్పే చేస్తుంది, మనం విని ఊరుకుంటాం. కార్డు చేతిలో పట్టుకున్న మనిషి ఈ కారు గురించి ఒక్క సంగతైనా తనంతట తాను కనిపెట్టాలన్నది నా పట్టుదల.

ఆ సంగతి డిక్కీ. మన దేశంలో నాలుగు మీటర్ల పొడవు దాటని కార్లకు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజిన్ ఉంటే, పన్ను తక్కువ. ఆ కొలతలో బండిని ఇమిడ్చే ప్రయత్నంలో తరచూ కోత పడేది డిక్కీకే. పండక్కి ఊరెళ్లేటప్పుడు ఏ ఇంట్లోనైనా పేచీ అక్కడే మొదలవుతుంది: ఏ పెట్టె పెట్టాలి, ఏది వదిలేయాలి? ఈ కారులో వెనక సీటు 60:40గా విడివిడిగా వాలుతుంది. కాబట్టి పైనుంచి చూస్తున్నట్టు డిక్కీ, వెనక సీటు బొమ్మ వేశాను. సీటు రెండు ముక్కలకీ చెరో పట్టీ. పట్టీ లాగితే ఆ ముక్క ముందుకు వాలి చోటు తెరుచుకుంటుంది. పక్కన ఊడదీసుకునే అట్టముక్కలు: సూట్‌కేసులు, బియ్యం బస్తా, పచ్చళ్ల డబ్బాల అట్టపెట్టె. సర్దుకోవడం చూసేవాళ్ల పని.

అన్నీ పదో వంతు కొలతలో గీశాను. 65 సెంటీమీటర్ల సూట్‌కేసు కార్డు మీద ఆరున్నర సెంటీమీటర్లు. షోరూం తరఫున వచ్చినాయన సూట్‌కేసులు కాస్త చిన్నవి చేస్తే సీటు వాల్చకుండానే అన్నీ పట్టేస్తాయి కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. కొన్నవాళ్లు మర్నాడే నిజం పెట్టె తెచ్చి డిక్కీలో పెట్టి చూస్తారు సార్, అప్పుడు మన కార్డే అబద్ధమవుతుంది అన్నాను. కాసేపు వాదించి, సరే అలాగే ఉంచండి అన్నారు. ఆ ఒక్క మాటకి రోజంతా పడ్డ టెన్షన్ దిగిపోయింది.

సాయంత్రం అట్టల్ని ఆకారానికి కోసి మడత గీతలు కొట్టే పంచింగ్ షాపుకి వెళ్లాను. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే ఆర్ట్ కార్డు మీద మొదటి డమ్మీ, అంటే నమూనా తీశారు. సీటు మడత దగ్గర నాలుగైదుసార్లు లాగేసరికి రంగు పగిలి తెల్లటి గీత కనిపించింది. మెషీన్ దగ్గర పెద్దాయన మడతను గోటితో రుద్ది చూసి, "గ్రెయిన్ అడ్డం పడ్డది మేడమ్. షీటు తిప్పి కొడదం" అన్నాడు. కాగితం నారలు ఎటు పరుచుకుంటే అటే మడత హాయిగా తిరుగుతుంది. తిప్పి కొట్టిన షీటు మీద ఎంతసేపు లాగినా మడత చెక్కుచెదరలేదు. పట్టీ చివర బయటికి పొడుచుకొస్తే కవరులోనే నలిగిపోతుందని, దాన్ని లోపలికి జరిపి బొటనవేలు పట్టేంత అర్ధచంద్రం కోయమని చెప్పిందీ ఆయనే. ఇన్నేళ్లుగా అట్టలు కొడుతున్న చేయి కదా, నేను స్క్రీన్ మీద ఎంత గీసినా ఆ తెలివి రాదు.

ఇంటికొచ్చే దారిలో ఒక డమ్మీని కవరులో పెట్టి, ఖమ్మంలో అమ్మ వాళ్ల అడ్రసు రాసి మామూలు పోస్టులో వేశాను. సంచుల్లో నలిగి, స్టాంపింగ్ దెబ్బలు తిని ఎలా చేరుతుందో చూడాలి. అందగానే పట్టీలు లాగి, ఎక్కడైనా చిరిగితే ఫోటో పెట్టమని తమ్ముడికి చెప్పాను. అది తేలాకే ప్రింటింగుకి ఇస్తాను.