తుంగ అంచున కొర్రమట్ట

సంక్రాంతికి శాన్ డియాగో నుంచి వచ్చిన మా బావ, హైదరాబాద్‌లో దోస్తు దగ్గర ఇద్దరు కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవ, కయాక్, అడిగి తెచ్చి, కారు మీద కట్టుకుని హన్మకొండలో దిగాడు. మర్నాడు తెల్లారకముందే కొర్రమట్టల (కొర్రమీనుల) కోసం ములుగు రోడ్డు పట్టాం. రామప్ప గుడికి తిరిగే జంగాలపల్లి దాటాక ఓ ఊరి చెరువు. పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారం కట్ట మీద కార్లు వరుస కడతాయి. చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది కనుక వాళ్లను ముందే అడిగాం. పట్టినదానికి కిలో లెక్కన డబ్బు కట్టాలన్నారు, సరేనన్నాం.

బావ అక్కడ పసిఫిక్‌లో కెల్ప్ మధ్య బాస్ చేపలు పడతాడు. కెల్ప్ అంటే సముద్రం అడుగున బండల్ని పట్టుకుని నీటిపైదాకా లేచే పెద్ద నాచు. అన్నీ కుదిరితే రోజుకు రెండడుగుల దాకా పెరుగుతుంది. దాని తీగ ఒకటి కయాక్‌కు చుట్టుకుంటే లంగరుతో పని లేదట. 14 అంగుళాల కంటే చిన్న కెల్ప్ బాస్‌ను వదిలేయాలని కాలిఫోర్నియా రూలు. ఈ నియమం మన చెరువులకూ ఉంటే బాగుండుననిపించింది. మన సంతల్లో అరచేతిలో పట్టే పిల్లల్ని కూడా కుప్పలు పోసి అమ్ముతారు.

శిఖం వైపు, అంటే చెరువు లోపలి నేల వైపు, తుంగ గడ్డి, దాని ముందు తామరాకులు. బావ అలవాటు కొద్దీ అంచు వెంబడి రబ్బరు చేపపిల్లను విసురుతూ పోయాడు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చేప మాత్రం ముట్టలేదు.

థర్మాకోల్ తెప్ప మీద వల తీసుకుంటున్న ముసలాయన మమ్మల్ని చాలాసేపు చూసి చూసి, "గిప్పుడే యాడ పడ్తయ్ బిడ్డా, ఎండ ఎక్కనియ్యి. బుడగలు లేసిన తావుల ఎయ్యాలె" అన్నాడు.

అసలు తేడా అక్కడే ఉంది. మన రాష్ట్ర చేప కొర్రమట్టకు మొప్పలతో తీసుకునే గాలి చాలదు, పైకొచ్చి పీల్చుకోవాల్సిందే. బాస్‌కు ఆ అవసరం లేదు కాబట్టి బావకు బుడగలు వెతికే అలవాటే లేదు. ఎండెక్కాక తామరాకుల సందులో బుడగలు కనిపించాయి. గాలపు ముళ్లు పైకి తిరిగిన రబ్బరు కప్పను బావ ఆకుల మీద వేసి మెల్లగా జరిపాడు. ఆ ముళ్లు ఆకులకు చిక్కుకోవు. నీళ్లలో బండ పడ్డట్టు చప్పుడైంది. వెంటనే గుంజలేదు, చేప నోరు మూసేదాకా ఆగి అప్పుడు లేపాడు. ఆ తర్వాత మాత్రం జానెడు దారం కూడా వదల్లేదు. తుంగలో దూరిందంటే అంతే సంగతులు. కెల్ప్‌లో బాస్ చేసే పనీ అదేనట. కయాక్ ముక్కు చేప వైపే తిరిగింది, వెనక నేను తెడ్డుతో ఎదురు తోశాను.

సంఘం తరాజు మీద కిలోన్నర దాటింది. బావ డబ్బిచ్చి, తాతను కయాక్ ఎక్కమన్నాడు. ఆయన తూము దాకా తెడ్డేసుకుంటూ పోయి వచ్చాడు.

"కూసునుడు మంచిగనే ఉన్నది గని, దీంట్ల వల యాడ పెట్టాలె?"