భీమిలి దారిలో, తేదీ లేని నష్టం

సామర్లకోటలో రత్నాచల్ ఎక్కేసరికి కిటికీ సీటు దొరకలేదు. కాకినాడలో చిన్న ప్రాక్టీసు నాది. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు కదా, విశాఖ వెళ్లి బీచ్ రోడ్డు వెంబడి భీమిలి దాకా తిరిగొద్దామనుకున్నాను. తుని దాటాక పక్క సీటాయన మాట కలిపారు. దువ్వాడలో దిగుతారట. ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న 60కి పైగా గ్రామాల్లో వాళ్లదీ ఒకటి. నేను లాయరునని తెలియగానే "మా నాన్న పేరున ఆర్ కార్డుందండీ" అని మొదలుపెట్టారు. ఫ్యాక్టరీకి భూమి పోయినవాళ్లకిచ్చిన పునరావాస కార్డు అది. నోటిఫికేషన్ ఎప్పుడొచ్చింది, ఎన్ని సెంట్లు పోయింది, ఎంత చేతికొచ్చింది, అన్నీ నోటికే చెప్పారు. ఆయనకు పూర్తి న్యాయం జరిగిందా అన్నది వేరే సంగతి. అడగడానికి ఓ కాగితమైతే ఉంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిన్నాను. ఘాటు కళ్లలోకొచ్చింది. కురుసుర సబ్‌మెరైన్ ముందు సెల్ఫీల గుంపు. వాళ్ల కాళ్ల కింది ఇసుకంతా సముద్రం తెచ్చి పోసింది కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో విశాఖ పోర్టు ఔటర్ హార్బర్‌కు కట్టిన బ్రేక్‌వాటర్లు, అంటే అలల్ని ఆపే రాతి గోడలు, ఆ నడకకు అడ్డుపడ్డాయి. అందుకే అక్కడ పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి బీచ్‌లో పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ తీరం కోత గురించి అందరికీ తెలిసింది. టూరిస్టులు తిరిగే చోట ఇసుక పోసే ఏర్పాటైనా ఉంది.

మర్నాడు 900కె బస్సెక్కాను. భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు. సముద్ర మట్టం పెరిగి తగ్గిన కాలాల్లో వేల ఏళ్లుగా పోగుపడ్డ ఇసుక అది. అక్కడ తిరుగుతుంటే తీరం అనే గీత ఎప్పుడూ ఒకచోట నిలబడలేదని కంటికే కనిపిస్తుంది.

దిబ్బల నుంచి నడుచుకుంటూ ఒక మత్స్యకార పల్లెలోకి వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. వేపచెట్టు కింద ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నాడు. పక్కనే ఆయన భార్య. మీ ఇల్లెక్కడమ్మా అంటే, నీళ్లవైపు చెయ్యి చూపించింది.

"అదిగో, కెరటం ఇరుగుతోంది సూడు బాబూ, దానికవతల. మా అత్తోరిల్లు."

"ఏ సంవత్సరం పోయింది?"

ఇద్దరూ వాదించుకున్నారు. హుద్‌హుద్‌కి గోడ పోయిందని ఆమె, కాదు అంతకు ముందే బీటలిచ్చిందని ఆయన. ఆ పై ఏడు వంటసాల. "తరవాత మేమే పెంకులు దించీసుకుని ఎనక్కొచ్చీసినాం."

నా వృత్తి బుద్ధి అక్కడ ఆగిపోయింది. మేమే వచ్చేశాం అన్నారంటే, చట్టం కంటికి వాళ్లనెవరూ తరమలేదు. 2013 భూసేకరణ చట్టంలో పరిహారం, పునరావాసం అన్నీ నోటిఫికేషన్ తేదీ పట్టుకుని నడుస్తాయి. సముద్రం నోటిఫికేషన్ ఇవ్వదు. 2022-26 కాలపు విపత్తు సాయం లెక్కలో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1.20 లక్షలు, మళ్లీ కట్టుకోవడానికి. కట్టుకునే నేలే నీళ్లలో ఉంటే? వేట నిషేధానికి తేదీలున్నాయి, ఆ రోజులకు భృతి వస్తుంది. ఏడాదికి కొంచెం కొంచెంగా తినే కోతకు తేదీ ఎక్కడ వెయ్యాలి?

దారి అసలే లేదని కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత బాధితుల పునరావాసం కోసం ప్రత్యేకంగా 1,000 కోట్లు సిఫారసు చేసింది. ఒడిశా ప్రభుత్వం సముద్రం కోసేస్తున్న సతభాయా నుంచి 571 కుటుంబాలను బాగపతియా కాలనీకి తరలించింది. 2024లో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం మన రాజ్యాంగ హక్కేనని చెప్పింది. అది అంతరించిపోతున్న బట్టమేక పిట్టల్ని కాపాడమని వేసిన కేసు కావడం నాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది.

పెద్దాయన అడిగాడని పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దీవుల మనిషి ఇయోనె టెయిటియోటా సంగతి చెప్పాను. మా దీవిని సముద్రం మింగేస్తోంది, నన్ను శరణార్థిగా చూడండని న్యూజిలాండ్‌ను అడిగాడు. శరణార్థుల మీద 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణంతో వేధింపు ఉండాలి. సముద్రం ఎవరినీ మతం చూసి తరమదు కదా. 2015లో అక్కడి సుప్రీంకోర్టు కాదంది. తర్వాత ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్తే, దాని నిర్ణయం 2020లో బయటికొచ్చింది. వాతావరణ మార్పుతో ప్రాణాపాయం ఉన్నచోటికి మనిషిని తిప్పి పంపడం తప్పు కావచ్చని ఒప్పుకుంది. అతని విషయంలో మాత్రం ఇంకా 10, 15 ఏళ్ల టైముంది, ఈలోగా ఆ ప్రభుత్వం ఏదైనా చెయ్యొచ్చని తేల్చింది.

"అయితే ఓడిపోనాడా?"

"ఓడిపోయాడు."

"పదేళ్లాగమన్నారన్నమాట. ఆ పదేళ్లూ పడవెక్కడెట్టుకుంటాడు?"

ఆ కమిటీలో ఈ ప్రశ్న ఎవరైనా అడిగారో లేదో. వీళ్లకు ఇంకో దేశం అక్కర్లేదు, ఒడ్డు కావాలి. లోపలెక్కడో స్థలమిస్తే వెళ్తారా అన్నాను. ఆమె నవ్వింది. "తెల్లారగట్ట అంత దూరం నుంచి వల మోసుకొత్తాడేటి? నెత్తళ్లు రోడ్డు మీదెండబెట్టాలా?" ఇంటి స్థలంతో పాటు పడవ లాగే చోటు, చేపలెండే చోటు లెక్కలోకి రాకపోతే అది సగం పునరావాసమే అని నాకనిపిస్తుంది.

పాత ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నాయా అని అడిగాను. డిగ్రీ చదువుతున్న మనవడు ట్రంకుపెట్టె వెతికి రెండూ తెచ్చాడు. ఇక మీద ఏటా ఒకే రోజున, ఒకే కరెంటు స్తంభం దగ్గర నిలబడి సముద్రం వైపు ఫొటో తియ్యమన్నాను. స్తంభం నంబరు కూడా పడాలి. వార్డు సచివాలయంలో ఇవ్వడానికి అర్జీ అక్కడే కూర్చుని రాశాం. నష్టం జరిగిన తేదీ అన్నచోట కుర్రాడి పెన్ను ఆగింది. "2014 నుంచి నేటి వరకు, ఇంకా కొనసాగుతున్నది" అని రాయించాను. సోమవారం వెళ్లి ఇస్తానన్నాడు. రసీదు తీసుకోకుండా కాగితం చేతిలో పెట్టొద్దని చెప్పి భీమిలి బస్సెక్కాను.