థాంప్సన్‌తో నాలుగు నెలలు, 640 తూటాలు

ఈ శనివారంతో నా థాంప్సన్ తుపాకీ కాల్చిన తూటాలు 640 అయ్యాయి. చివరి 150లో ఒక్కటీ ఇరుక్కోలేదు. మొదటి రోజు యాభై తూటాలకే ఆరుసార్లు మొరాయించింది ఇది. ఆ తేడా ఎలా వచ్చిందో రాసి పెట్టుకుంటున్నాను.

అసలు థాంప్సన్ ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరుసగా కాల్చే మెషిన్ గన్. నాది ఆటో ఆర్డ్నెన్స్ కంపెనీ చేసిన దాని నకలు, 1927ఏ1 అనే మోడల్. దీనిలో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే వెళుతుంది. అమెరికాలో 1986 మే తర్వాత తయారైన మెషిన్ గన్ మామూలు పౌరుడు కొనుక్కోవడానికి వీల్లేదు. అంతకుముందు నమోదైన అసలు థాంప్సన్ కొనాలంటే కారు కొన్నంత ఖర్చు. టెక్సస్‌లో ఉంటున్న నాకు అందుబాటులో ఉన్నది ఈ నకలే. 1934 నాటి చట్టం వల్ల, ప్రత్యేకంగా నమోదు చేయించకపోతే రైఫిల్ బ్యారెల్ (గొట్టం) 16 అంగుళాలకు తగ్గకూడదు. అసలుదాని బ్యారెల్ పదిన్నర అంగుళాలు, నాదాని బ్యారెల్ పదహారున్నర. పాత ఫొటోల్లోని ఆ పొట్టి రూపం లేదని మొదట్లో దిగులుగా ఉండేది. గురి కుదిరాక ఆ దిగులు పోయింది.

ఖాళీ తుపాకీ బరువే సుమారు 5.9 కిలోలు. ముప్ఫై తూటాల మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తగిలిస్తే ఆరున్నర దాటుతుంది. ఇది కాల్చే .45 (0.45 అంగుళాల) తూటా కొనలోని సీసం దాదాపు 15 గ్రాములున్నా, ఇంత బరువు వల్ల భుజానికి దెబ్బ తెలియదు. చేతులు మాత్రం పది నిమిషాల్లో వణుకుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో దీన్ని మోస్తూ నడిచిన మన సైనికులను తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నేను రోజూ సాయంత్రం డంబెల్‌ను ముందుకు చాచి పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇరవై సెకన్లతో మొదలై ఇప్పుడు యాభైకి వచ్చాను.

ఇక మొరాయింపు సంగతి. ప్రతిసారీ బోల్ట్, అంటే తూటాను బ్యారెల్‌లోకి నెట్టి వెనక మూసే ఇనుప దిమ్మ, చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మూసుకోకుండా ఆగిపోయేది. స్ప్రింగుల లోపమనుకున్నాను, తర్వాత తూటాల లోపమనుకున్నాను. కొనలో గుంట ఉన్న రకం మానేసి గుండ్రటి కొన ఉన్న 230 గ్రెయిన్లవి (ఆ 15 గ్రాములవే) వాడితే కొంత తగ్గింది. చివరికి కాల్పుల రేంజ్‌లో ఒక పెద్దాయన నా చేతినే గమనించారు. లోపలి స్ప్రింగులు చాలా గట్టివి. వాటి విసురుకు జడిసి, బోల్ట్‌ను లాగేందుకు తుపాకీ పైన ఉండే పిడిని వెనక్కి లాగాక వేళ్లతో పట్టుకుని మెల్లగా ముందుకు పంపుతున్నాను. అక్కడే బోల్ట్ ఊపు చచ్చిపోతోంది. పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలేయమన్నారు. వదిలితే ఠంగుమని మూసుకుంది.

అయినా అప్పుడప్పుడు ఆగేది. మ్యాగజైన్లకు టేపు మీద ఒకటి, రెండు అని అంకెలు వేసి, ఆగినప్పుడల్లా నోటు పుస్తకంలో రాశాను. ఆగిన నాలుగుసార్లూ తగిలించి ఉన్నది రెండోదే. తూటాను పట్టి ఉంచే దాని పై అంచు, అంటే పెదవి, ఒకవైపు కొద్దిగా వంగి ఉంది. పక్కన పడేశాను.

దీనిలో నాకు బాగా నచ్చినది ఆ పైపిడే. నడుమ గంటు కోసి ఉంటుంది, దానిలోంచే గురి చూడాలి. ముప్ఫై తూటాలు వరుసగా కాలిస్తే బ్యారెల్ మీది వేడిగాలికి బ్యారెల్ కొసన ఉన్న గురిముక్క కదిలినట్టు కనిపిస్తుంది. అందుకే పదేసి కాల్చి కాసేపు ఆగుతున్నాను. 25 గజాల దూరంలో మొదటి నెల పది రంధ్రాలు భోజనం పళ్లెమంత వెడల్పున పడేవి. ఇప్పుడు ఇడ్లీ కింద దాగిపోతాయి.

శుభ్రం చేయడంలో కష్టమంతా స్ప్రింగులను తిరిగి ఎక్కించడమే. ఎగిరి కంటికి తగలకుండా అద్దాలు పెట్టుకోవాల్సిందే. మొదటిసారి గంటా పది నిమిషాలు పట్టింది, మొన్న ఇరవై.

కొత్త మ్యాగజైన్ గురువారం వస్తుంది. దానికి మూడో నంబరు వేసి 50 గజాలకు వెళతాను.