పడదు అన్న మాట

మొన్న నేను సెలవుకు విశాఖ వచ్చినప్పుడు, నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షకు సిద్ధమవుతున్న మా మేనకోడలు, మర్రిపాలెంలోని మా ఇంటి వరండాలో కూర్చుని, "అత్తా, సెన్సిటివ్ అంటే సున్నితం అనే కదా?" అని అడిగింది. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లో వార్డు నర్సుగా పనిచేస్తున్న నేను అవునని ఊరుకోలేకపోయాను.

అక్కడ నా తొలి శీతాకాలంలో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో చేరిన ఒక పెద్దావిడ కల్చర్ రిపోర్టులో, అంటే ఏ క్రిమి ఉందో, దానిపై ఏ మందు పనిచేస్తుందో చెప్పే ల్యాబ్ రిపోర్టులో, ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా 'ఎస్' అని వచ్చింది. సెన్సిటివ్, అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుందని అర్థం. లొంగకపోతే రెసిస్టెంట్ అని 'ఆర్' వేస్తారు. డ్యూటీ అప్పగించే కాగితంలో ఆవిడ పేరు పక్కన 'ట్రైమెథోప్రిమ్ సెన్సిటివ్' అని మాత్రం రాసి నేను ఇంటికి వెళ్లిపోయాను. ఆ మందు ఆవిడకు అలర్జీ అనుకున్న రాత్రి డ్యూటీ నర్సు మాత్ర ఆపేసింది. తెల్లవారి నేను వెళ్లేసరికి ఆవిడ చలిజ్వరంతో వణుకుతూ, దుప్పటిని గడ్డం దాకా లాక్కుని పడుకుని ఉంది. దుప్పటి అంచును బిగించి పట్టుకున్న ఆ వేళ్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతాయి.

మనిషి సెన్సిటివ్ అయితే మందు ఇవ్వకూడదు, క్రిమి సెన్సిటివ్ అయితే ఇచ్చి తీరాలి. ఈ చిక్కును నాకు విడదీసింది మన తెలుగే. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ట్రైనింగ్ రోజుల్లో, "ఆ సూది మా అమ్మకు పడదండి" అని రోగుల వెంట వచ్చినవారు చెప్పేవారు. క్రిమికి పడని మందు క్రిమిని చంపుతుంది, మనిషికి పడని మందు మనిషిని బాధిస్తుంది. రెండుచోట్లా అర్థం ఒక్కటే, ఎవరికి పడదో చెప్పకపోవడమే నా తప్పు.

మనసు విషయంలోనూ అంతే. చనిపోయినవారి బంధువులతో నేను మాట్లాడిన తీరు చూసి మా వార్డు మేనేజరు నన్ను సెన్సిటివ్ అన్నప్పుడు, మన ఇళ్లలో చీటికీమాటికీ కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లను అనే మాటగా తీసుకుని ఆ పూటంతా బాధపడ్డాను. ఎదుటివారి మనసెరిగి మసలుకున్నానని ఆవిడ మెచ్చుకున్నారట.

ఇదంతా విని మేనకోడలు, "మరి ఇప్పుడు ఏం రాస్తున్నావత్తా?" అంది. ఎంత హడావిడి ఉన్నా పూర్తి వాక్యాలే రాస్తున్నానని చెప్పాను: ఈమె మూత్రంలోని క్రిమిపై ఈ మందు పనిచేస్తుంది, ఈమెకు ఏ మందుతోనూ అలర్జీ లేదు.