డాబా మీద రెయిన్ గేజ్, మూడో ఎండాకాలం

ఆదివారం సాయంత్రం గాలివానకి వాన కొలిచే గేజ్‌లో పడ్డ నీళ్లు సిరంజితో తోడి కొలిస్తే ఏడు సిరంజిలు నిండుగా, పైన ఇంకో 20 మి.లీ. వచ్చాయి. మొత్తం 440 మి.లీ., అంటే 14 మి.మీ. వాన. గరాటు మూతి వెడల్పు 20 సెం.మీ., వైశాల్యం 314 చదరపు సెం.మీ., కాబట్టి ఒక్క మిల్లీమీటరు వానకి 31.4 మి.లీ. దిగుతాయి. కింద ఐదు లీటర్ల క్యాన్, కొలవడానికి మందుల షాపులో కొన్న 60 మి.లీ. సిరంజి, అంతే సరంజామా.

మొదటి రెండేళ్ల లెక్కలు పక్కన పెట్టేశాను. గేజ్‌ని పిట్టగోడ మూలన పెట్టాను మరి, ఈదురుగాలికి వాన ఏటవాలుగా పడి సగం గోడకే తగిలేది. ఇప్పుడు గోడ ఎత్తుకి రెండింతల దూరంలో, డాబా మధ్యలో ఇటుకల మధ్య బిగించాను. రోజూ ఉదయం 8:30కి చూస్తున్నా, వాతావరణ శాఖ వాళ్లు రోజువారీ వాన లెక్క తీసేది కూడా అప్పుడే.

ఆ ఆదివారం వాన వస్తోందని ముందే ఫోన్‌లోని బారోమీటర్ (గాలి పీడనం కొలిచేది) చెప్పింది. నాలుగింటిదాకా మెల్లగా తగ్గుతున్న పీడనం ఉన్నట్టుండి పది నిమిషాల్లో 2 హెక్టోపాస్కల్స్ పెరిగింది, డాబా మీద 39 డిగ్రీలున్నది 28కి పడిపోయింది, తలుపులు ధడేల్మన్నాయి. మేఘంలోంచి చల్లబడి బరువెక్కిన గాలి నేలకి దిగి పక్కలకి పరుచుకుంటే ఇలాగే అవుతుంది, చినుకులు ఆ వెనకాలే.

తమాషా ఏంటంటే నాలుగు కిలోమీటర్ల అవతల మా అక్కావాళ్లింట్లో చుక్క పడలేదు, ఆరేసిన వడియాలు కూడా తియ్యలేదట. వాతావరణ శాఖ బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అంటే తప్పించుకునే మాట అనుకునేవాణ్ణి, కానీ దానికో కొలత ఉంది: ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పావు వంతుకి మించకుండా వాన పడొచ్చని. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా, "చాలా చోట్ల" అంటే ముప్పావు దాకా. ఈ వారం విదర్భ నుంచి తెలంగాణ మీదుగా ద్రోణి (పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ) ఉంది, బంగాళాఖాతం తేమ లోపలికొస్తోంది, మాకు మళ్లీ "ఒకటి రెండు చోట్ల" అనే వేశారు. కల్లంలో వడ్లు పోసుకున్న మా బాబాయికి మాత్రం ఆ పావు వంతే టెన్షన్, టార్పాలిన్ తియ్యకు అని చెప్పాను.

దామిని యాప్‌లో 20 కిలోమీటర్ల లోపు పిడుగు చూపిస్తే డాబా ఎక్కట్లేదు, క్యాన్ ఎక్కడికీ పోదు. అక్క కోసం రెండో గరాటు కొన్నాను, ఈసారి వాళ్ల డాబా మీదా ఒకటి పెడుతున్నాం, వడియాల పక్కనే.